చిన్నల్లుడి కూత

మా అక్క వెంకటమ్మకు కూతురు ఒక్కతే గాని అల్లుళ్లు ఇద్దరు. పెద్దల్లుడు అక్షయ్ కోర్పనా వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వారానికోసారి సెలవు రోజున వస్తాడు, వచ్చిన పూట మంచం దిగడు. చిన్నల్లుడు ఎర్రగా, పొడుగ్గా, నెత్తిన ఎడమకు ఒరిగిన తురాయితో, రాత్రంతా గంప కింద పడుకుని తెల్లారకముందే గల్లీ మొత్తాన్ని లేపేవాడు. పుంజుకు ఆ పేరు పెట్టింది నేనే.

"అక్కా, చిన్నల్లుడు అలిగిండు. జొన్నలేమన్న ఏస్తివా, లేదా?" అని నేను పెరట్లోంచి అరిస్తే, లోపల కంచం ముందు కూర్చున్న పెద్దల్లుడికి పొలమారేది.

చంద్రాపూర్ బాబుపేట్‌లో ఆ వాకిట్లోనే ఓ పక్క గది నాది. ఆటో నడుపుతాను, అక్క చేతి కూడు తింటాను. బడి ఐదో తరగతితో ముగిసింది, అదీ మరాఠీలో. కానీ కోడి కూత మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. రెండు చేతులు దొప్పలా చేసి నోటికి పెట్టుకుని కూశానంటే చుట్టుపక్కల పుంజులన్నీ జవాబు చెప్తాయి. పెళ్లైన కొత్తలో అక్షయ్‌కు పొద్దుటి షిఫ్టు అని తెలిసి, నడిరాత్రే కూసి లేపాను. పాపం, స్నానం చేసి, డబ్బా కట్టించుకుని బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. బస్సుకు బదులు కుక్కలొచ్చాయి. అప్పటి నుంచి ఫోనులో టైము చూసుకోకుండా ఏ కోడినీ నమ్మడు. ఆ కోడి ఎవరో మాత్రం అతనికి తెలియదు.

చిన్నల్లుడు ఉత్త పుంజు కాదు, మొక్కు పుంజు. అక్క కూతురు కోమలకు అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పిందని తెలిసిన రోజే అక్క లాల్‌పేట్ గనికి పోయే దారిలో, వేపచెట్టు కింద ఉన్న పోచమ్మ దగ్గరికి వెళ్లింది. బిడ్డా తల్లీ రెండు పానాలుగా బయటపడితే ఎర్ర పుంజు ఇస్తానని చెప్పుకుంది. ఇంటికొచ్చి పుంజు కాలికి పసుపు గుడ్డ కట్టింది. ఇక దానికి ఎదురులేదు. వంటింట్లోకి వచ్చినా, ఆరబోసిన బియ్యం మీదికెక్కినా ఎవరూ అదిలించకూడదు.

"మంచిగున్నదక్కా," అన్నాను నేను. "నేను మొక్కు మనిషినైనా కాకపోతిని."

"నిన్ను ఇస్తే అమ్మ తీస్కుంటదారా? వాపస్ పంపుతది," అంది అక్క.

డాక్టరమ్మ కోమలను మంచం దిగొద్దంది. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. అక్కడి నుంచి గల్లీ, కరెంటు స్తంభం, నా ఆటో కనపడతాయి. కోళ్లుండే పెరడు కనపడదు. పెరట్లోంచి ఆమె దాకా వచ్చేది కూత ఒక్కటే. ఆ కూత వినపడగానే కడుపులో బిడ్డ కదిలేది.

"మామా, పుంజు కూస్తే తంతున్నది లోపట," అని ఓ పొద్దున సంబరంగా చెప్పింది.

"తన్నదా మరి? చిన్నాయన పిలుస్తుండె!"

నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కిటికీ వైపు తిరిగింది. "అది కూసి, ఇది తన్నినంక గాని నాకు పానం నిమ్మలం గాదు మామా. పోయినసారి గిట్లనే... ఒక పొద్దుగాల లేచి చూస్తే ఏం కదులుత లేదు."

పెరట్లోకి వెళ్లి పుంజుకు ఇంకో గుప్పెడు జొన్నలు వేశాను.

*

మోదుగులు పూసి రాలుతున్న రోజుల్లో ఓ సాయంత్రం గీతాంజలి ఐసు డబ్బా భుజాన వేసుకుని వచ్చింది. ఆడవాళ్ల పొదుపు సంఘం, బచత్ గట్ తరఫున కోళ్లకు సూదులు వేయడం నేర్చుకుని గల్లీ గల్లీ తిరుగుతుంది. మా అక్కను అత్తా అని పిలుస్తుంది. కోళ్లు గూటికి చేరే వేళ చూసి వస్తుంది, పట్టుకోవడం సుళువని.

"ఎండలు ముదురుతున్నయత్తా. మాన్‌మోడీ రాకముందే ఏపిచ్చుకో. వచ్చినంక నేనేం చెయ్యలేను."

మరాఠీవాళ్లు మాన్‌మోడీ అనేదాన్ని మేము కొక్కెర అంటాం. కోడి ముడుచుకుని నిలబడుతుంది, పచ్చగా పారుతుంది, నోరు తెరిచి ఎగపోస్తుంది, చివరికి మెడ తిరిగిపోతుంది. ఒక ఇంట్లో జొరబడిందంటే వాడంతా ఊడ్చుకుపోతుంది.

గీతాంజలి వస్తుందని తెలిసి, అక్క మధ్యాహ్నమే నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, పెట్టలకు ఏస్తే ఏయనీ. మొక్కు పుంజుకు మాత్రం వద్దు. అమ్మకు చెప్పిన జీవానికి అమ్మ కత్తి కన్న ముందుగాల ఇంకో ఇనుము తాకద్దు."

"సూది ఎంతుంటదక్కా? దోమ కుట్టినంత."

"దోమ ఇనుముదా?"

దాచిపెట్టే పనంటే నాకు ఎక్కడలేని హుషారు. చిన్నల్లుణ్ణి తీసుకెళ్లి ఆటో వెనక సీటు కింద, స్పానర్లు, జాకీ పెట్టే డబ్బాలో కూర్చోబెట్టి, గాలాడేలా సీటు సందు వదిలాను.

గీతాంజలి ఒక్కో పెట్టను పట్టుకుని, రెక్క ఎత్తి సూది వేసి వదిలింది. అన్నీ అయ్యాక చుట్టూ చూసింది.

"ఎర్ర పుంజేది మామా?"

"డ్యూటీకి పోయిండు. రాత్రి షిఫ్టు."

అప్పుడే ఆటోలోంచి కొక్కొరొకో అని ఖంగున కూత.

అక్క మొహం తెల్లబోయింది. నేను మాత్రం ఒక్క గడియ కూడా ఆగలేదు. చేతులు నోటికి పెట్టుకుని దానికన్నా గట్టిగా నేనూ కూశాను.

"ఆటోల స్పీకర్ పెట్టినా పోరీ. ప్యాసింజర్లను లేపనీకి."

గీతాంజలి పగలబడి నవ్వింది. "నీ పరాశికం ఎప్పటికి పోదు మామా! నిజం పుంజే అనుకున్న!" అంటూ డబ్బా మూసేసి వెళ్లిపోయింది. నిజం పుంజు కూతను నా కూత అని నమ్మించడం నా జన్మలో అదే మొదటిసారి. నా ఆకతాయి పనికి మా అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం కూడా అదే మొదటిసారి. ఆ రాత్రి నా కంచంలో చేప తలకాయ పడింది.

*

మహాకాళి జాతర ముగిసి, జనం బండ్లెక్కి వెళ్లిపోయాక ఎండ తన అసలు రూపం చూపించింది. చంద్రాపూర్ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, ఆటో హ్యాండిల్ పట్టుకోవాలంటే తడిగుడ్డ చుట్టుకోవాలి. ఆ ఎండల్లోనే గల్లీ చివరి ఇంట్లో ఒక కోడి ముడుచుకుంది. తర్వాత పక్కింటి శేవంతాబాయి కోళ్లు. బతికున్నవాటిని కొందరు కోసుకుతిన్నారు. కొందరు బుట్టలో పెట్టి రాజురాలో చుట్టాలింటికి పంపించారు. రోగం కూడా అదే బుట్టలో వెళ్లింది.

శేవంతాబాయి ఖాళీ గూడు ముందు నిలబడి మా పెరట్లోకి చూసింది. అక్క పెట్టలు చెత్తను కెలుకుతూ హాయిగా తిరుగుతున్నాయి.

"వెంకూబాయి, తుఝ్యా కోంబడ్యా కశా వాచల్యా?" నీ కోళ్లెలా బతికాయని అడిగింది.

"సూది ఏపిచ్చిన," అంది అక్క. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది.

ఆ గర్వం మర్నాడు పొద్దుటిదాకా కూడా నిలవలేదు. చిన్నల్లుడు గోడ పక్కన రెక్కలు జారేసి నిలబడ్డాడు. కూత కూశాడు గాని అది గొంతులోనే చిరిగిపోయింది. జొన్నలు వేస్తే చూశాడు, ముక్కు పెట్టలేదు. సాయంత్రానికి పచ్చగా పారింది. గీతాంజలికి ఫోన్ చేశాను. వచ్చింది గాని పెరట్లోకి అడుగు పెట్టలేదు, తన చెప్పులతో రోగం ఇంకో ఇంటికి పోతుందని తడిక అవతలే ఆగిపోయింది.

"పెట్టలన్నిటికి ఏసిన. దీనికొక్కదానికే సూది పడలె అత్తా..." అంటూ అక్క వైపు చూసింది. అక్క నేలకేసి చూసింది. గీతాంజలి నా వైపు తిరిగింది. "మామా, ఆనాడు ఆటోల కూసింది..."

అవునన్నట్టు తలూపాను.

ఆ పిల్ల తిట్టలేదు. తిడితే బాగుండేది. "దీనికి మందు లేదు మామా. పెట్టలకు సూది పడ్డది, గవి తట్టుకుంటయ్. ఇది పోయినంక లోతుగ గుంత తీసి సున్నమేసి పాతుండ్రి. గంప కాలవెట్టుండ్రి. నెలన్నర దాక కొత్త కోడి ఇంటికి తేవద్దు," అని చెప్పి వెళ్లింది.

తర్వాతి మధ్యాహ్నం, కోమల కునుకు తీస్తున్న వేళ, చిన్నల్లుడి మెడ పూర్తిగా తిరిగిపోయింది. అక్క ఒళ్లో పెట్టుకుని దూదితో నీళ్లు పిండుతూ కూర్చుంది. నేను పెరటి మూల గుంత తవ్వాను. పాతిపెట్టే ముందు అక్క దాని కాలి పసుపు గుడ్డ విప్పి, నీళ్లలో ఉడకబెట్టి, ఆరేసి, నడుముకు దోపుకుంది.

"ఇనుము తాకద్దని దాస్తిని," అంది. "నేనే సంపిన."

"రోగం సంపిందక్కా."

"అన్ని బతికినయ్ తమ్మీ. అమ్మకని చెప్పిందొక్కటే పాయె." కొంగు నోట్లో కుక్కుకుంది. దాన్ని తీసి, "పోరికి తెల్వద్దు. తెలిస్తే అదేమనుకుంటదో నీకెరుకే," అంది.

నాకెరుకే. పుంజు పోయిందంటే ఆ తర్వాత పోయేదేమిటో కోమల మనసులో అప్పటికే రాసిపెట్టి ఉంది.

సాయంత్రం మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. "చిన్నల్లుణ్ణి గంప కింది నుంచి తీయద్దన్నది గీతాంజలి. గల్లీల రోగం తిరుగుతుంది గదా, ఎవ్వలు దగ్గరికి పోవద్దంట."

కోమల నా మొహంలోకి చూసింది. "మరి కూస్తది గదా మామా?"

"కూయకేం? నీ మొగని లెక్క ముసుగు తన్ని పంటదా?"

అలవాటు కొద్దీ నోటికొచ్చింది అనేశాను. ఏం మాటిచ్చానో, గదిలో ఉక్క తట్టుకోలేక ఆటోలో పడుకున్నాక గాని తెలియలేదు.

*

తెల్లారకముందే ముందు గదిలో లైటు వెలిగింది. ఆటోలో నేను లేచి కూర్చున్నాను. కిటికీలోంచి కోమల గొంతు.

"అమ్మా, ఇంక కూయలేదేంది?"

అక్క గిన్నెలు జరుపుతున్న చప్పుడు వినపడింది.

"అమ్మా?"

నేను చెప్పుల్లేకుండా దిగి, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి నడిచాను. స్నానాల గోడ వెనక నిలబడ్డాను. చేతులు దొప్ప చేసి, కళ్లు మూసుకుని కూశాను. బాగానే వచ్చింది గాని చివర బీడీ దగ్గు ఒకటి తన్నుకొచ్చింది. సగం మింగాను, సగం బయటపడింది.

కిటికీ వైపు చెవి పెట్టాను.

"తన్నింది," అంది కోమల.

అక్క చెంబుతో వెనక తలుపు తీసుకుని వచ్చింది. నా చేతులు ఇంకా నోటి దగ్గరే ఉన్నాయి. నన్ను చూసింది. చెంబు నా చేతికిచ్చి, "గొంతు తడుపుకో," అంది. రెండడుగులు వేసి తిరిగి, "రేపు గూడ," అంది.

అలా నేను పుంజునయ్యాను.

తెల్లారేసరికి లేవడమంటే నాకు చిన్నప్పటి నుంచీ పగ. ఆ ఎండాకాలం కాకులకన్నా ముందు లేచాను. బీడీలు తగ్గించాను. మానేశానని చెప్తే అబద్ధం. శేవంతాబాయి ఓ పొద్దున గోడ మీంచి తల పెట్టి, "భీమాభావు, ఎండకు పిచ్చి పట్టిందా?" అని మరాఠీలో అడిగింది. వేలు పెదాల మీద పెట్టుకుని కిటికీ వైపు చూపించాను. ఆమెకు సగం అర్థమైంది. మిగతా సగం మా అక్క చెప్పింది. ఆనాటి నుంచి నేను కూసే వేళకు ఆమె తన పంపు ఆపేది, చప్పుడు కాకుండా.

సెలవు రోజున అక్షయ్ వచ్చాడు. పొద్దున్నే స్నానానికని లేచినవాడు గోడ మలుపు తిరగ్గానే నేను కూస్తున్నాను. చేతిలో బకెట్టుతో అలాగే నిలబడిపోయాడు. కూత పూర్తయ్యాక గుసగుసగా సంగతి చెప్పాను. పుంజు పోయిన సంగతి అతనికీ అప్పుడే తెలిసింది. బకెట్టు కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. తలెత్తి నా వైపు చూశాడు.

"మామా... పెండ్లైన కొత్తల నడిజాము కూసిన కోడి గూడ నువ్వేనా?"

"గిప్పుడు తెలిసిందా అల్లుడా?"

"ఆ దినం కుక్కలు ఎంబడి వడ్డయ్ నాకు!"

"నువ్వు ఉరికినవ్ గదా, మంచిగైంది. పొట్ట తగ్గింది."

నవ్వాడు. నవ్వుతున్నవాడి కళ్లు తడిగా ఉన్నాయి. మరుసటి వారం వచ్చేటప్పుడు కోమలకు మామిడిపండ్లు, నాకు ఓ తేనె సీసా తెచ్చాడు. "గొంతుకు మంచిది," అన్నాడు, అందరి ముందూ, నా వైపు చూడకుండా.

ఓ రోజు ఎండలో రెండు ట్రిప్పులు ఎక్కువ కొట్టాను. వడగాలికి గొంతు పూర్తిగా పూడుకుపోయింది. తెల్లారి గోడ వెనక నిలబడి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. లోపల లైటు వెలిగే ఉంది. అక్క పరుగున వచ్చింది. సైగలతో చెప్పాను. నా వైపు చూసి, కిటికీ ఉన్న దిక్కు చూసి, కొంగు నడుముకు బిగించి, నన్ను పక్కకు జరిపింది.

మా అక్క జీవితంలో వేళాకోళం ఆడింది లేదు. ఆమె చేతులు నోటికి అడ్డం పెట్టుకుని తీసిన ఆ కూతను ఏమని చెప్పను! గుడ్లు ఎత్తుకుపోతున్నవాడిని చూసి పెట్ట తిట్టినట్టుంది. గల్లీలో కుక్కలు మొరిగాయి. గోడ అవతల శేవంతాబాయి చేతిలోంచి బిందె జారిపడింది.

లోపల కోమల నవ్వు. అన్ని నెలల్లో అట్లా నవ్వడం నేను వినలేదు. కడుపు పట్టుకుని, ఊపిరి అందక, "అమ్మా, ఓ అమ్మా, పుంజుకు సుస్తీ చేసినట్టున్నది. దానికి జెర మిరియాల పాలు పొయ్యరాదు!" అని కేకేసింది.

అక్క వెళ్లి మిరియాల పాలు కాచి తెచ్చి నాకిచ్చింది. నేను తాగాను. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు.

*

మొదటి వాన పడిన రోజునే కోమలకు నొప్పులు మొదలయ్యాయి. ఇంకా చీకటి విడవలేదు. ఆటో వెనక సీట్లో అక్క ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. బొగ్గు నీళ్లు రోడ్డంతా నల్లగా పారుతున్నాయి. రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. బొగ్గు వ్యాగన్ల బండి, తోక ఎక్కడుందో తెలియదు.

"మామా," అంది కోమల పళ్లు బిగించి. "ఇయాల కూయలేదు అది."

"ఆన గొడ్తుంది గదా బిడ్డా. లేవలే ఇంక."

"కూయలేదు. ఇది గూడ... తన్నుత లేదు మామా."

అద్దంలో అక్క కళ్లు నా కళ్లను పట్టుకున్నాయి.

"ఒక్క నిమిషం, ఒంటికి పోయొస్త," అని దిగాను.

"ఇప్పుడా!" అంది అక్క, నాటకంగా, పాపం సరిగ్గానే.

మూసి ఉన్న టీ కొట్టు వెనక్కి పరుగెత్తాను. వ్యాగన్లు ధడధడ పోతూనే ఉన్నాయి. ఆ చప్పుడు దాటి ఆమెకు వినపడాలి. గేటు ముందు ఆగిన మోటారు సైకిళ్లవాళ్లు నా వైపే చూస్తున్నారు. చూడనీ. కడుపులో ఉన్న గాలంతా తీసి కూశాను. మళ్లీ కూశాను. వాననీళ్లు నోట్లోకి పోయి దగ్గు వచ్చింది. దగ్గుకుంటూనే మూడోసారి.

తడిసి ముద్దై వచ్చి కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు.

"ఇన్నవా అమ్మా?" అంది కోమల. నొప్పి మధ్యలో గొంతు చిత్రంగా మెత్తబడింది. "మన పుంజే. గేటు కాడి దాక అచ్చింది."

"మన పుంజే బిడ్డా," అంది అక్క.

"తన్నింది... అమ్మా, తన్నింది."

గేటు లేచింది. నేను ఆ ఆటోను అట్లా ఎన్నడూ నడపలేదు.

ఆడపిల్ల. నల్లటి జుట్టు, మూసిన పిడికిళ్లు. తల్లీ బిడ్డా రెండు పానాలుగా బయటపడ్డారు. అక్షయ్ పైనుంచి కిందిదాకా సిమెంటు దుమ్ముతో డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. నర్సు ఆస్పత్రి వాకిట్లోనే ఆపి, చేతులు కాళ్లు కడుక్కున్నాక గాని బిడ్డనివ్వలేదు.

*

ఆషాఢంలో మొక్కు తీర్చాలని అక్క రోజు పెట్టింది. పుంజును తెచ్చే పని నాది. గీతాంజలి చెప్పిన గడువు ఎప్పుడో దాటింది. రాజురా అవతల ఊళ్లన్నీ తిరిగి, చిన్నల్లుడి పోలికే అనిపించిన ఎర్ర పుంజును పట్టుకొచ్చాను. కాలికి కొత్త పసుపు గుడ్డ కట్టి, కొత్త గంప కింద పెట్టాను. కోమల ఇంకా గది దాటి పెరట్లోకి రావడం లేదు. బిడ్డ పుట్టాక కూడా అప్పటిదాకా తెల్లారి కూత నాదే. ఇది మంచి గొంతున్న పుంజు. తెల్లారి ఖంగున కూసింది. పిల్ల నిద్రలో కదలనైనా కదలలేదు. నేను పట్టించుకోలేదు. హమ్మయ్య, నా డ్యూటీ దిగింది, ఇక పొద్దెక్కేదాకా పడుకోవచ్చు అనుకున్నాను.

పోచమ్మ దగ్గర డప్పులు మోగుతున్నాయి. వేపచెట్టు మీంచి వాన చుక్కలు రాలుతున్నాయి. కోమల పిల్లను ఎత్తుకుని ఆటో దిగింది. నా చంకలో ఉన్న పుంజు దగ్గరికి వచ్చి, తల అటూ ఇటూ వంచి చూసింది.

"మామా, గిదెవలింటి అల్లుడు?"

"ఏందే, మనోడే! తిని జెర బలిసిండు."

"మనోని తురాయి ఎడమకు ఒరుగుతుండె. గిది నిటారుగున్నది."

అక్క వైపు చూశాను, ఆదుకుంటుందేమోనని. అక్క నా వైపు చూడనేలేదు. కోసే మనిషి కత్తి కడిగి పుంజు కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వబోయాను. అక్క మధ్యలోకి వచ్చి పుంజును లాక్కుంది.

"దీన్ని కొయ్యద్దు. నిన్న గీతాంజలిని పిలిచి సూది ఏపిచ్చిన. రెక్క కింద రక్తం బొట్టు గూడ కనవడ్డది. ఇగ ఇది అమ్మకు పనికి రాదు."

"మరి మొక్కు?" అన్నారెవరో.

అక్క అమ్మవారి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నడుములోంచి పాత పసుపు గుడ్డ తీసింది. వెలిసిపోయింది, అంచులు పీకిపోయాయి. అమ్మ పాదాల దగ్గర పెట్టింది.

"నీది నువ్వు ఎండకాలంలనే పట్కపోయినవ్ తల్లీ. దాసిపెట్టినా పట్కపోయినవ్. మాది మాకిచ్చినవ్. ఇగ మీద నా ఇంట్ల ఏ జీవాన్ని నీకు చెప్పినా సూది ఏపిచ్చినంకనే చెప్త. కోపమొస్తే నా మీద రా. పోరి మీద వద్దు."

డప్పు ఒక్కసారి జోరందుకుంది. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. అక్షయ్ ఎత్తుకుని ఊపాడు. శేవంతాబాయి చిటికెలేసింది. అక్క చంకలోని పుంజు, అడగకుండానే, మెడ చాచి కూసింది. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది, మొహం కందిపోయేదాకా.

కోమల పిల్లను మళ్లీ తన చేతుల్లోకి తీసుకుని నా ముందు నిలబడింది.

"మామా, కుయ్యి."

"ఏంది?"

"రోజు కూసినట్టే."

"ఎప్పటి నుంచి ఎరుకనే నీకు?"

"మొదటి దినం నుంచే. పుంజు బీడీ తాగుతదా మామా?"

"మరి చెప్పకపోతివి!"

"ఏమని చెప్పాలె?" అంటూ పిల్ల తల నిమిరింది. "నువ్వు కూస్తే ఇది తన్నుతుండె. నాకు గంతే గావాలె."

జన్మంతా జనాన్ని ఆటపట్టించినవాణ్ణి. కోమల ముందు ఓడిపోయాను. చేతులు దొప్ప చేసి నోటికి పెట్టుకున్నాను. కూశాను. డప్పులవాళ్లు ఆపేసి తిరిగి చూశారు. పిల్ల ఏడుపు సగంలో ఆగింది. కళ్లు తెరిచి ఎక్కడో వెతుకుతోంది. కింది పెదవి ఇంకా వణుకుతూనే ఉంది, మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నట్టు.

"దగ్గు మరిచినవ్ తమ్మీ," అంది అక్క వెనక నుంచి. "దగ్గు. లేకుంటే గుర్తువట్టది."

దగ్గాను.

కోమల చేతుల్లో పిల్ల కాలు ఝాడించి తన్నింది.